పాత పెట్టెలో రెండున్నర రూపాయల నోటు దొరికితే? వింత విలువల కాగితపు డబ్బును గుర్తించి కాపాడుకునే పద్ధతి

పాత ఇల్లు పడగొట్టి డాబా కట్టేటప్పుడో, పెద్దాయన పోయాక అన్నదమ్ములు ఇనప్పెట్టె తెరిచినప్పుడో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ పాత నోట్లు బయటపడుతూనే ఉన్నాయి. ప్రామిసరీ నోట్ల కట్టలో, పంచాంగం పేజీల మధ్య, పట్టుచీర మడతలో ఎక్కడైనా ఉండొచ్చు. తర్వాత జరిగేది మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో ఒకటే. ఎవరో దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, ఇంకెవరో "లక్షలొస్తాయి" అంటారు. ఆ మాట విని ఒకరు లామినేషన్ చేయిస్తారు, ఇంకొకరు అడిగినవాడికి అడిగినంతకే ఇచ్చేస్తారు. నోటు మీద ఏముందో ఎవరూ చదవరు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ధర అడిగే ముందు నోటు చదవండి. ముఖ్యంగా దాని మీద మీరు ఎన్నడూ చూడని అంకె ఉంటే, ఆ అంకె ఎందుకు వచ్చిందో తెలుసుకోండి. రెండున్నర, అయిదు వేలు, పదివేలు, పావు రూపాయి, ఇవేవీ సరదాగా వేసిన అంకెలు కావు. ప్రతి దాని వెనకా ఒక యుద్ధమో, ఒక కరువో, ఒక ప్రభుత్వ నిర్ణయమో ఉంది. కారణం తెలిస్తే నోటు అసలుదో కాదో సగం తేలిపోతుంది.

మొదటి పని: కట్టను కదిలించకుండా ఫోటో

నోటు కనబడగానే బయటికి లాగకండి. ఏ కాగితాల మధ్య ఉందో, ఏ పేజీలో ఉందో అలాగే ఫోటో తీయండి. పక్కనున్న కాగితాలు నోటుకు సాక్షులు. 1919 నాటి రసీదు పక్కనే దొరికిన నోటుకూ, సంతలో కొనుక్కొచ్చిన నోటుకూ చాలా తేడా ఉంది.

తర్వాత చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. కొబ్బరినూనె రాసుకున్న తల నిమిరిన చేత్తో నోటు పట్టుకుంటే ఆ మరక ఇక జన్మలో పోదు. ఫ్యాను ఆపండి. బల్ల మీద శుభ్రమైన తెల్ల కాగితం పరిచి, దాని మీద నోటు పెట్టి, అంచులు మాత్రమే పట్టుకోండి.

నాలుగు మడతలు పెట్టిన నోటు పెళుసెక్కి ఉంటుంది. గబుక్కున విప్పితే మడత దగ్గర చిరుగుతుంది. ఒక్కో మడతా నెమ్మదిగా తెరిచి, రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకం ఉంచి కొన్ని రోజులు వదిలేయండి. మొండికేస్తే వదిలేయడమే మంచిది. మన తీరంలో తుపాన్లు పట్టే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో చెమ్మ ఎక్కువ. తొందర లేకపోతే ఎండ కాసే నెలల్లో విప్పుకోండి.

చేయకూడని పనులు చెబుతాను. ఇస్త్రీ పెట్టకండి. నీళ్ళతో, సర్ఫుతో కడగకండి. రబ్బరుతో చెరపకండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి. లామినేషన్ అసలే వద్దు. వేడికి కరిగిన ప్లాస్టిక్కు కాగితం పీచుల్లోకి దిగిపోతుంది, తర్వాత ఎవరూ విడదీయలేరు. సేకర్తల లెక్కలో లామినేషన్ చేసిన నోటు చచ్చిపోయిన నోటే.

రెండో పని: ఇచ్చింది ఎవరో చూడటం

నోటు మీద మొట్టమొదట అంకె చూడటం మన అలవాటు. దానికంటే ముందు జారీ చేసింది ఎవరో చదవండి. మనకు దొరికే నోట్లు ఎక్కువగా మూడు రకాలు.

'గవర్నమెంట్ ఆఫ్ ఇండియా' అని ఉంటే, అది ఒక్క రూపాయి నోటు కాకపోతే, రిజర్వ్ బ్యాంకు సొంత నోట్లు రాకముందుది. 1861లో పేపర్ కరెన్సీ చట్టం వచ్చినప్పటి నుంచి ప్రభుత్వమే నోట్లు వేసింది. రిజర్వ్ బ్యాంకు 1935 ఏప్రిల్ 1న మొదలైంది, దాని తొలి నోటు, బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మున్న అయిదు రూపాయలది, 1938 జనవరిలో వచ్చింది. ఒక్క రూపాయి నోటు మాత్రం ఇప్పటికీ ప్రభుత్వానిదే. అందుకే దాని మీద గవర్నరు సంతకం ఉండదు, ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది.

రెండో రకం రిజర్వ్ బ్యాంకు నోట్లు. వీటిని సంతకాన్ని బట్టి కాలం కట్టొచ్చు. తొలి గవర్నరు ఆస్బర్న్ స్మిత్ సంతకంతో ఒక్క నోటు కూడా రాలేదు. 1938 నాటి నోట్ల మీద ఉన్నది జె.బి. టేలర్ సంతకం. తర్వాతి సి.డి. దేశ్‌ముఖ్ తొలి భారతీయ గవర్నరు. మనవాళ్ళు వై.వి. రెడ్డి (2003 నుంచి 2008), దువ్వూరి సుబ్బారావు (2008 నుంచి 2013) సంతకాలున్న నోట్లు ఇంకా అక్కడక్కడ చేతులు మారుతూనే ఉన్నాయి. పిల్లలకు ఈ అలవాటు నేర్పాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఖర్చు లేని పని.

మూడో రకం సంస్థానాలవీ, పరాయి దేశాలవీ. నిజాం నోట్లు, బర్మా నోట్లు ఇందులోకి వస్తాయి. వాటి సంగతి కింద చెబుతాను.

మూడో పని: వింత అంకె కథ తెలుసుకోవడం

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

కందుకూరు వైపు ఒక రైతు ఇంట్లో పాత దస్తావేజుల మూట విప్పుతుంటే చేతికొచ్చిన నోటు చూసి, ఇంటి పెద్దావిడ వెంటనే అంది: "ఇది దొంగ నోటేమో అబ్బయా, రెండున్నర రూపాయలకు నోటు యాడన్నా ఉంటుందా?" ఉంది. అది మన దేశపు కాగితపు డబ్బులోనే అతి విచిత్రమైన నోటు. దాని మీద రెండు రూపాయల ఎనిమిది అణాలు అని ఉంటుంది.

రూపాయికి 16 అణాలు. కాబట్టి ఈ నోటు విలువ 40 అణాలు. మన పెద్దవాళ్ళ ఖాతా పుస్తకాల్లో దీన్ని 2–8–0 అని రాసేవాళ్ళు, అంటే రూపాయలు, అణాలు, పైలు (అణాలో పన్నెండో వంతు). కొందరు రెండు అంకె వేసి పక్కన అరకు గుర్తుగా రెండు నిలువు గీతలు గీసేవాళ్ళు. పాత చిట్టాలో ఆ రాత కనబడితే అక్కడ నోటే ఇచ్చారని అర్థం కాదు, లెక్క అంత అని మాత్రమే. అయినా నోటు, చిట్టా రెండూ ఒకే ఇంట్లో ఉంటే జాగ్రత్తగా పోల్చి చూడాల్సిందే.

ఈ అంకె ఎందుకొచ్చింది? మొదటి ప్రపంచ యుద్ధం. అప్పటి రూపాయి వెండిది. యుద్ధంలో సైన్యం జీతాలకు, సరుకుల కొనుగోళ్ళకు రూపాయి నాణేల గిరాకీ విపరీతంగా పెరిగింది. మరోపక్క వెండి ధర పైపైకి పోయింది. నాణెం ముఖవిలువ కంటే అందులోని వెండి విలువ పెరిగితే జనం దాన్ని కరిగించేస్తారు. ప్రభుత్వం భయం అదే. 1918లో అమెరికా తన ఖజానాలోని వెండి డాలర్లు కరిగించి మనకు వెండి అమ్మిందంటే కొరత ఎంత తీవ్రంగా ఉండేదో ఊహించుకోండి. బేడ (రెండు అణాలు), పావలా, అర్ధరూపాయి నాణేలు వెండి వదిలి నికెల్ కలిపిన లోహంలోకి మారింది కూడా అప్పుడే, 1918, 1919 సంవత్సరాల్లో.

ఆ ఒత్తిడిలోనే చిన్న విలువల కాగితం పుట్టింది. 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు, 1918 జనవరి 2న రెండు రూపాయల ఎనిమిది అణాల నోటు. యుద్ధానికి ముందు మారకంలో 15 రూపాయలు ఒక పౌను. అంటే రెండున్నర రూపాయలు సరిగ్గా పౌనులో ఆరో వంతు. రూపాయికీ అయిదు రూపాయలకూ మధ్య నోటు కావాలనుకున్నప్పుడు అయిదులో సగం వేయడం వాళ్ళకు సహజంగానే అనిపించి ఉంటుంది. అణాల లెక్కలో పెరిగిన మనుషులకు రెండు రూపాయల ఎనిమిది అణాలు అంటే గుండు అంకే. పైసలకు అలవాటుపడ్డ మనకే అది వింత.

ఈ రెండు నోట్ల మీదా అయిదో జార్జి బొమ్మ ఉంటుంది. రాజు బొమ్మతో వచ్చిన తొలి ప్రభుత్వ నోట్లలో ఇవి ముందువి. పది రూపాయల నోటు మీదికి రాజు బొమ్మ 1923లో గానీ రాలేదు. రెండున్నర నోటు మీద సంతకం ఎం.ఎం.ఎస్. గుబ్బే అనే అధికారిది. వెనక దేశభాషల్లో విలువ రాసి ఉంటుంది, అందులో మన తెలుగూ ఉంది. అచ్చయింది ఇంగ్లండులో. నాసిక్ ముద్రణాలయం అప్పటికి లేదు, అది 1928కి గానీ పనిలోకి రాలేదు.

భూతద్దం పెట్టి చూడాల్సింది ఒక చిన్న అక్షరం. నంబరు దగ్గర ఉండే అక్షరం అది ఏ కరెన్సీ సర్కిలుకు, అంటే నోటు జారీ అయిన ప్రాంతానికి, చెందిందో చెబుతుంది. ఎం అంటే మద్రాసు, బి అంటే బొంబాయి, సి అంటే కలకత్తా, కె అంటే కరాచీ, ఎల్ అంటే లాహోరు, ఆర్ అంటే రంగూను. మన రెండు జిల్లాల నేల అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఒంగోలు ఆనాడు గుంటూరు జిల్లాలో ఉండేది, ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. కాబట్టి మనింట్లో దొరికిన నోటు మీద ఎం అక్షరం ఉంటే ఆశ్చర్యం లేదు. ఆర్ ఉంటే కూడా ఆశ్చర్యపోకండి. రంగూనుకు కూలికీ వ్యాపారానికీ పోయి వచ్చిన కుటుంబాలు మన తీరంలో ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా బర్మా పోయారేమో పెద్దవాళ్ళను అడగండి. అప్పుడు ఆ ఒక్క అక్షరానికీ మీ ఇంటి చరిత్రకూ ముడి పడుతుంది.

ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ అనే లెక్కతో 1926 జనవరి 1 నుంచి ఈ చిన్న నోట్ల జారీ ఆపేశారు. రూపాయి నోటు 1940లో, రెండో యుద్ధంలో, మళ్ళీ వచ్చింది. రెండున్నర మాత్రం తిరిగి రాలేదు. చిన్న నోటు కాబట్టి జనం చేతుల్లో నలిగిపోయింది, దాచుకున్నవాళ్ళు తక్కువ. శుభ్రంగా ఉన్నది దొరకడం అరుదు కావడానికి కారణం అదే.

మిగతా వింత విలువలు

ఇరవై రూపాయలు: 1972 తర్వాతే మనకు ఇరవై నోటు తెలుసు అనుకుంటాం. కానీ విక్టోరియా బొమ్మతో వచ్చిన తొలి ప్రభుత్వ నోట్లలోనే 10, 20, 50, 100, 1000 ఉన్నాయి. అవి ఒకవైపే అచ్చు వేసినవి, చేత్తో తయారుచేసిన కాగితం మీద. రెండు భాషల్లో విలువ ఉంటుంది. 1867 నుంచి వచ్చిన వరసలో మొదట నాలుగు భాషలు, తర్వాత ఎనిమిది భాషలు కనబడతాయి. ఏ సర్కిలులో ఇచ్చారో దాన్ని బట్టి భాషలు మారేవి. వెనక ఖాళీగా ఉందని పాత నోటును 'సగం అచ్చు' అని పారేయకండి.

వెయ్యి, అయిదు వేలు, పదివేలు: రిజర్వ్ బ్యాంకు 1938లోనే వెయ్యి, పదివేల నోట్లు వేసింది. 1946 జనవరిలో 500, 1000, 10000 నోట్లు చెల్లవన్నారు. 1954లో వెయ్యి, పదివేలు మళ్ళీ వచ్చాయి, వాటితో పాటు కొత్తగా అయిదు వేలు. వెయ్యి నోటు వెనక తంజావూరు గుడి, అయిదు వేల వెనక గేట్‌వే ఆఫ్ ఇండియా, పదివేల వెనక సింహాల శిల్పం. 1978 జనవరి 16న మూడింటినీ రద్దు చేశారు. నాటి వ్యాపారుల దగ్గర, గూడూరు అభ్రకం ఎగుమతిదారుల దగ్గర ఇలాంటివి ఉండొచ్చు కదా అని ఎవరైనా అంటే, ఉండొచ్చు. అయితే అయిదు వేలు, పదివేల నోటు కనబడితే ముందు నకలేమో అని అనుమానించండి. అసలువి అతి కొద్ది, బొమ్మ కోసం అచ్చేసిన నకళ్ళు బజారు నిండా.

నిజాం నోట్లు: హైదరాబాదు రాజ్యం 1918 నుంచి సొంత నోట్లు వేసుకుంది, ఆ డబ్బు పేరు ఉస్మానియా సిక్కా. విలువలు మామూలువే, 1, 5, 10, 100, 1000. లెక్కే వేరు. సుమారు ఏడు ఉస్మానియా రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానం. నల్లమల వైపు యర్రగొండపాలెం, మార్కాపురం కుటుంబాల్లో ఎవరికైనా కృష్ణ అవతలి బంధుత్వాలుంటే ఇవి కనబడొచ్చు.

కూపన్లు: రెండో యుద్ధంలో చిల్లర నాణేలు దొరక్క గుజరాత్, రాజస్థాన్ వైపు కొన్ని సంస్థానాలు పైసాకు, అణాకు కూడా చిన్న అట్టముక్కలు అచ్చేసి చలామణీ చేశాయి. బస్సు టికెట్టంత ఉంటాయి. మన దగ్గర దొరకవని కాదు, వస్తే మార్వాడీ వ్యాపారుల ద్వారా వచ్చినవై ఉంటాయి. పక్కనే ఉన్న సింహళం (ఇప్పటి శ్రీలంక) 1942లో ఇంకో చిత్రం చేసింది. రెండు సెంట్లు, మూడు సెంట్ల ముక్కలను ఒకే నోటుగా అచ్చేసి మధ్యలో చిల్లుల గీత వేసింది. మొత్తంగా ఇస్తే అయిదు సెంట్లు, చింపి ఇస్తే చిల్లర.

బర్మా, జపాను నోట్లు: మన తీరంలో ఇది వేరే అధ్యాయం. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించి సొంత రూపాయలు వేసింది. ఒక సెంటు నుంచి వంద రూపాయల దాకా, మధ్యలో పావు రూపాయి, అర రూపాయి కాగితాలు కూడా. జపాను ప్రభుత్వం చెల్లిస్తుందని ఇంగ్లీషులో ఉంటుంది, అక్షరాల గుర్తు బితో మొదలవుతుంది, బర్మాకు గుర్తుగా. చూడ్డానికి దర్జాగా ఉంటాయి గానీ లెక్కలేనన్ని అచ్చేశారు కాబట్టి ధర తక్కువే. బ్రిటిష్ వాళ్ళు 1945లో తిరిగొచ్చాక భారత నోట్ల మీదే 'బర్మాలో మాత్రమే చెల్లుతుంది' అని ఎర్ర ముద్ర వేసి వాడారు. 1948లో పాకిస్తాన్ కూడా అలాగే మన నోట్ల మీద తన పేరు ముద్రించి కొన్నాళ్ళు నడిపింది. ముద్ర ఉంది కదా అని ఎవరో పాడుచేసిన నోటుగా తీసిపారేయకండి, ఆ ముద్రే దాని విలువ. తర్వాతి బర్మా 1985 నుంచి 15, 35, 75 క్యాట్ల నోట్లు వేసింది. 1987 సెప్టెంబరులో పరిహారం లేకుండా 35, 75 నోట్లను రద్దు చేసి 45, 90 తెచ్చింది. పాలకుడు నే విన్‌కు తొమ్మిది అంకె మీద ఉన్న మమకారమే అందుకు కారణమంటారు. కష్టపడి కూడబెట్టుకున్న జనం రాత్రికి రాత్రి నిలువునా మునిగారు. 45 నోటు చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ మనుషులే గుర్తొస్తారు.

జ్ఞాపకార్థం వేసినవి కూడా ఉన్నాయి. థాయిలాండ్ 1987లో రాజు అరవయ్యో పుట్టినరోజుకు 60 బాట్ చదరపు నోటు, నేపాల్ 1997లో 25, 250 రూపాయలు, బంగ్లాదేశ్ 2011లో 40 టాకాలు. ఇవి వింత విలువలే, అరుదైనవి మాత్రం కావు.

నాలుగో పని: అసలుదో నకలో తేల్చడం

పగటి వెలుతురులో కిటికీ దగ్గర నోటును ఎత్తి పట్టండి. వాటర్‌మార్కు కాగితంలోనే ఉండాలి, పైన అచ్చేసినట్టు ఉండకూడదు. రెండో యుద్ధంలో జపాను వాళ్ళు మన నోట్లకు మంచి నకళ్ళు తయారుచేయడంతో రిజర్వ్ బ్యాంకు వాటర్‌మార్కు మార్చింది, మొదటిసారి భద్రతా దారం పెట్టింది. అప్పుడే పక్కకు తిరిగిన ఆరో జార్జి బొమ్మ స్థానంలో ఎదురుగా చూసే బొమ్మ వచ్చింది. 1918 నోటులో భద్రతా దారం కనబడితే ఆ నోటు అబద్ధం చెబుతున్నట్టే.

తర్వాత పదింతలు పెద్దగా చూపే భూతద్దం. సన్నటి గీతలు గీతల్లాగే ఉండాలి. రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతే అది కలర్ జిరాక్సో, ప్రింటరులో తీసినదో. సీరియల్ నంబరు విడిగా అచ్చవుతుంది కాబట్టి దాని సిరా తీరు, నొక్కుడు మిగతా అచ్చుకు భిన్నంగా ఉంటుంది. నకళ్ళలో అంతా ఒకే తీరున చదునుగా ఉంటుంది. తడిపి చూడటం, అంచు కాల్చి చూడటం లాంటి పరీక్షలు ఎవరు చెప్పినా చేయకండి.

లంచానికి వ్యతిరేకంగా పంచిన సున్నా రూపాయి నోట్లు, పిల్లలు ఆడుకునే బ్యాంకు నోట్లు కూడా 'వింత విలువ' పేరుతో అమ్ముతుంటారు. అవి డబ్బు కావు.

ఇక్కడే సగానికి కోసి అతికిన నోట్ల సంగతి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద నోట్లను టపాలో పంపేటప్పుడు దొంగల భయంతో మధ్యకు కోసి, ఒక సగం ముందు పంపి, అది చేరిందని తెలిశాక రెండో సగం పంపేవాళ్ళు. అందుకే నంబరు రెండు సగాల మీదా ఉంటుంది. అందుకున్నవాళ్ళు వెనక కాగితం అంటించి కలిపేవాళ్ళు. అలాంటి అతుకు కనబడితే పీకేయకండి. రెండు వైపులా నంబరు ఒకటేనా అని మాత్రం చూడండి.

అయిదో పని: స్థితి అంచనా

వాడని కొత్త నోటు, ఒకటి రెండు మడతలున్నది, బాగా వాడినా చిరగనిది, చిరిగి మురికైనది, ఇలా మెట్లుంటాయి. ఒక్క మెట్టు కిందికి దిగితే ధర సగానికి పడిపోవడం మామూలే. మన దేశంలో బ్యాంకులు కట్టలకు పిన్ను కొట్టే అలవాటు చాలాకాలం ఉండటంతో పాత నోట్లకు ఎడమ పక్క పిన్ను కంతలుంటాయి. అవి ఉన్నాయని దిగులు పడకండి, కొనేవాళ్ళకు ఆ సంగతి తెలుసు. మీరు మాత్రం నిజాయితీగా రాసుకోండి: మడతలెన్ని, కంతలెన్ని, మూలలు గుండ్రమయ్యాయా, రాతలున్నాయా.

ఆరో పని: భద్రపరచడం

బజారులో దొరికే మెత్తటి ప్లాస్టిక్కు కవర్లలో పీవీసీ ఉంటుంది. కొన్నేళ్ళకు అది జిగటగా మారి సిరాను లాగేస్తుంది. పాలియెస్టర్‌తో చేసిన గట్టి కవర్లు అడిగి కొనండి. ఒక్కో నోటుకు ఒక్కో కవరు. ఆల్బమ్‌ను నిలువుగా, పొడిగా ఉండే అలమరలో పెట్టండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో సిలికా జెల్ పొట్లాలు వేసి అప్పుడప్పుడు మార్చండి. కలరా ఉండలు నోటుకు తగిలేలా వేయొద్దు. చెద భయం ఉన్న మట్టిగోడ గూటిలో, చెక్కపెట్టెలో అసలు వద్దు. మంచి ఫోటోలు రెండు వైపులా తీసి వేరే చోట దాచండి, వరద వచ్చినప్పుడు అవే మిగులుతాయి.

ఏడో పని: చట్టం

1946, 1978 రద్దు నోట్లు సేకరణ కోసం ఉంచుకోవచ్చు. 2016లో రద్దయిన 500, 1000 నోట్లకు మాత్రం ప్రత్యేక చట్టం ఉంది, 2017లో వచ్చింది. ఏ విలువవైనా కలిపి 10 నోట్లకు మించి ఉంచుకోకూడదు. అధ్యయనం, పరిశోధన, సేకరణ కోసమైతే 25 దాకా. మించితే 10,000 రూపాయలు లేదా ముఖవిలువకు 5 రెట్లు, ఏది ఎక్కువైతే అంత జరిమానా. బీరువాలో మర్చిపోయిన కట్ట దొరికి టెన్షన్ పడుతున్న ఇళ్ళు నాకు తెలుసు. అలాంటప్పుడు లాయరును అడగండి, 'మార్చి ఇస్తాం' అనేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

వందేళ్ళు దాటిన వస్తువుల మీద 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది, వాటిని ఇష్టమొచ్చినట్టు విదేశాలకు పంపకూడదు. 1918 నోటుకు వందేళ్ళు దాటాయి. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపాలన్నా ముందు భారత పురావస్తు సర్వేక్షణ శాఖను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఎనిమిదో పని: ధర, అమ్మకం

మోసాలు ఇక్కడే. ట్రాక్టరు బొమ్మున్న అయిదు రూపాయల నోటుకు, 786 నంబరు నోటుకు లక్షలిస్తామని వచ్చే ప్రకటనలు చూసే ఉంటారు. ఫోను చేస్తే రిజిస్ట్రేషను ఫీజని, పన్నని, కమీషనని ముందే డబ్బు అడుగుతారు. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా హెచ్చరించింది: పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదు, ఏ రుసుమూ అడగం, మా తరఫున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు అని. కొనేవాడు డబ్బివ్వాలి. అమ్మేవాడి దగ్గర ముందే డబ్బు తీసుకునే కొనుగోలుదారుడు ఉండడు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ ఒక్క ముక్క ఈ రోజే చెప్పండి.

నిజంగా అమ్మాలనుకుంటే వేలం సంస్థల పాత ఫలితాలు చూడండి. అదే నోటు, అదే సంతకం, అదే సర్కిలు, దగ్గరి స్థితి ఉన్నది ఎంతకు పోయిందో పోల్చండి. అమ్మకానికి పెట్టిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు, రెండోదే నమ్మండి. ముగ్గురు వ్యాపారులకు చూపించండి. నోటు వదిలి రాకండి. ఎక్కువ విలువ చేసేదైతే గ్రేడింగు, అంటే నిపుణుల సంస్థ చేత నోటు అసలుదనం, స్థితి తేల్పించడం, చేయించి అమ్మడం మేలు. మామూలు నోటుకు గ్రేడింగు ఖర్చే ఎక్కువవుతుంది.

అమ్మే ముందు అసలు నోట్లను ఒకసారి కళ్ళారా చూసి రావడం మంచిది. ముంబయిలో రిజర్వ్ బ్యాంకు మానిటరీ మ్యూజియం ఉంది. బెంగళూరులో రెజ్వాన్ రజాక్ కాగితపు డబ్బు మ్యూజియం ప్రత్యేకంగా మన నోట్ల కోసమే. మనకు దగ్గరలో చెన్నై ఎగ్మోరు ప్రభుత్వ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది, నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు.

తొమ్మిదో పని: ఒక పేజీ రాయడం

అమ్మినా ఉంచుకున్నా ఇది చేయండి. నోటు వివరాలు: విలువ, జారీ చేసినవారు, సంతకం, సర్కిలు అక్షరం, నంబరు, స్థితి. కింద: ఏ ఊళ్ళో, ఏ పెట్టెలో, ఏ కాగితాల మధ్య దొరికింది, ఆ పెట్టె ఎవరిది, వాళ్ళేం పని చేసేవాళ్ళు, రంగూను పోయారా, గనుల్లో చేశారా, సైన్యంలో ఉన్నారా. తెలిసినవాళ్ళు బతికుండగానే అడగండి. ఆ కందుకూరు పెద్దావిడ తన మామగారు యుద్ధకాలంలో మద్రాసుకు వేరుశనగ తోలేవారని చెప్పింది, నోటు పక్కనే ఉన్న రసీదులో అదే వ్యాపారం కనబడింది. ఆ రెండు వాక్యాలూ రాసిన కాగితం ఇప్పుడు నోటుతో పాటే కవరులో ఉంది.